కారు అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకెళ్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎలా చేయాలి

"ఫుల్ ఇన్సూరెన్స్ కట్టాను, అయినా కారులోంచి పోయిన ల్యాప్‌టాప్‌కి పైసా రాదంటున్నారు, ఇదేం న్యాయం?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. పెళ్లిళ్ల సీజన్‌లో మరీను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇప్పుడే దొంగతనం జరిగి, రోడ్డు పక్కన నిలబడి టెన్షన్‌లో ఇది చదువుతుంటే మాత్రం నేరుగా 1వ మెట్టుకి వెళ్లిపోండి, మిగతాది రాత్రికి ఇంటికెళ్లాక చదువుకోవచ్చు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మన దేశంలో కారు పాలసీ కారుకే. అందులో మీరు పెట్టిన బ్యాగుకి, ఫోన్‌కి, చీరలకి, నగలకి దానితో సంబంధం లేదు. వాటికి డబ్బు రావాలంటే వేరే కాగితం ఏదో ఒకటి ఉండాలి. ఆ కాగితం మీ దగ్గరే ఉండి కూడా మీకు తెలియకపోవడం చాలా మామూలు, అందుకే ముందు వెతకమంటున్నాను.

ఏ వస్తువుకి ఏ పాలసీ

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ నష్టానికి ఏమీ రాదు, పగిలిన అద్దానికి కూడా. అది ఎదుటివాళ్ల కోసం చట్టం కట్టించే పాలసీ.

ప్యాకేజీ పాలసీ ఉంటే, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది, అద్దం, డోర్ లాక్, డాష్‌బోర్డు, కంపెనీ బిగించిన స్టీరియో లాంటివి అందులోకి వస్తాయి, ఎందుకంటే అవి కారులో భాగం. బయట షాపులో తర్వాత పెట్టించుకున్న పెద్ద స్క్రీనూ, యాంప్లిఫయరూ అయితే వాటి విలువ పాలసీలో విడిగా రాయించి ప్రీమియం కట్టి ఉండాలి. ఎలక్ట్రికల్ సామానుకి విలువలో 4 శాతం ప్రీమియం అన్నది పాత టారిఫ్ లెక్క. రాయించకపోతే అడిగినా లాభం లేదు.

మీ సామానుకి డబ్బు వచ్చే దారులు ఇవీ:

- కారు పాలసీకి జోడించిన "పర్సనల్ బిలాంగింగ్స్" యాడ్-ఆన్. పాలసీ షెడ్యూల్లో యాడ్-ఆన్‌ల వరుసలో ఈ పేరు, పక్కన ఒక పరిమితి ఉంటుంది. డబ్బు, నగలు, చెక్కులు, కార్డులు, వ్యాపార సరుకు దీంట్లోకి సాధారణంగా రావు. ల్యాప్‌టాప్ కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు.
- ఇంటి ఇన్సూరెన్స్‌లో "ఆల్ రిస్క్" విభాగం. నగలు, ల్యాప్‌టాప్, కెమెరా ఇంటి బయట పోయినా వర్తించేది ఇదే. మామూలు ఇంటి పాలసీ మాత్రం దీనికి పనికిరాదు, 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష అయినా సరే.
- ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో కొన్నప్పుడు అంటగట్టిన ప్రొటెక్షన్ ప్లాన్. చాలావాటిలో పగిలితేనే డబ్బు, దొంగతనానికి కాదు. "థెఫ్ట్" అన్న మాట ఉందో లేదో చూడండి.
- ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే దాని ఓనర్ మీరు కాదు, కంపెనీ. మీ పాలసీ మీద క్లెయిమ్ చేయడానికి కుదరకపోవచ్చు. కంపెనీ తన పాలసీలో చూసుకుంటుంది, మీరు ఇవ్వాల్సింది ఎఫ్‌ఐఆర్ కాపీ.
- ప్రయాణంలో ఉంటే ట్రావెల్ ఇన్సూరెన్స్. మనిషి లేని బండిలో వదిలేసిన సామానుకి ఇందులో మినహాయింపులు గట్టిగా ఉంటాయి.

రోజూ ల్యాప్‌టాప్ మోసుకు తిరిగేవాళ్లకి, పెళ్లిళ్లకి బంగారం తీసుకెళ్లేవాళ్లకి నా ఓటు ఆల్ రిస్క్‌కే. కారు యాడ్-ఆన్ చవకే గానీ దాని పరిమితి చూస్తే మంచి ఫోన్ ఒక్కటి పోయినా సరిపోదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పూర్తి పాలసీ వర్డింగ్ పీడీఎఫ్ (ఒక పేజీ సర్టిఫికెట్ కాదు), ఆర్‌సీ, డ్రైవింగ్ లైసెన్స్, ఎఫ్‌ఐఆర్ కాపీ, పోయిన వస్తువుల బిల్లులు, ఫోన్ ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్), ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్, ఫొటోలు, గ్యారేజీ ఎస్టిమేట్, క్యాన్సిల్డ్ చెక్కు. ఆర్‌సీ, లైసెన్స్ కూడా ఆ బ్యాగులోనే పోయాయా? డిజిలాకర్‌లోవి చాలు, పరుగులు పెట్టక్కర్లేదు.

బిల్లులు లేకపోతే క్లెయిమ్ పోయినట్టే అనుకుని చాలామంది ఆగిపోతారు. ఆగకండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆర్డర్ హిస్టరీలో ఇన్‌వాయిస్ ఇప్పటికీ దొరుకుతుంది. షాపులో కొంటే మీ ఫోన్ నంబర్ చెప్పి డూప్లికేట్ బిల్లు అడగండి. అదీ లేకపోతే కార్డు స్టేట్‌మెంట్, అటక మీద ఉన్న ఖాళీ డబ్బా మీద సీరియల్ నంబర్, గూగుల్ లేదా యాపిల్ అకౌంట్‌లో కనిపించే డివైస్ పేరు. నగలకైతే షాపు బిల్లు, లేదా పాలసీ తీసుకున్నప్పుడు చేయించిన వాల్యుయేషన్.

ఇక చేయాల్సిన పని

1. ముట్టుకోకుండా ఫొటోలు తీయండి. కారు మొత్తం, నంబర్ ప్లేటు కనిపించేలా. పగిలిన అద్దం, సీటు మీద గాజు పెంకులు, లాక్ దగ్గర గీతలు, చుట్టుపక్కల షాపుల బోర్డులు. పెంకులు సీటు మీద ఉన్నాయంటే అద్దం బయటినుంచి పగిలిందని అర్థం, అది మీకు సాక్ష్యం. "పిల్లలకి గుచ్చుకుంటాయి" అని గబగబా ఊడ్చేస్తారు కదా, అదొక్కటీ వద్దు. ఫొటోలు తీశాక ఊడ్చుకోండి. ఎదురుగా ఏ షాపుకి సీసీ కెమెరా ఉందో చూసి ఆ షాపు పేరు రాసుకోండి, ఫుటేజీ రోజుల్లోనే చెరిగిపోతుంది.

2. 112కి లేదా 100కి ఫోన్ చేయండి. ఆ కాల్ టైమ్ మీ ఫోన్‌లో రికార్డుగా ఉంటుంది, ఆలస్యం చేయలేదనడానికి పనికొస్తుంది.

3. వెంటనే బ్లాక్ చేయాల్సినవి చేయండి. కార్డులు, సిమ్, చెక్కుబుక్కు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లకి ఫోన్. ఖాతాలోంచి డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. ఫోన్‌ని సీఈఐఆర్ పోర్టల్‌లో (పోయిన ఫోన్లని బ్లాక్ చేసే ప్రభుత్వ సైటు) బ్లాక్ చేయడానికి పోలీసు ఫిర్యాదు కాపీ కావాలి, కాబట్టి అది స్టేషన్ తర్వాత. ఇంకో మాట, బ్యాగులో ఇంటి తాళాలూ, ఇంటి అడ్రసు ఉన్న కాగితం ఏదైనా కలిసి పోతే ఆ రాత్రే ఇంటి తాళం మార్చండి. ఇది ఇన్సూరెన్స్ విషయం కాదు, అయినా చెప్పక తప్పదు.

4. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్. క్లెయిమ్ సగం గెలిచేదీ, సగం ఓడేదీ ఇక్కడే, అందుకే దీన్ని కాస్త నిదానంగా చదవండి.

మొదటిది, "పోయింది" అని రాయకండి. పోయింది అంటే ఎక్కడో మర్చిపోయారనే అర్థం కూడా వస్తుంది, దాంతో పోయిన వస్తువుల రిపోర్టు ఒకటి ఇచ్చి పంపేస్తారు. సర్టిఫికెట్లు పోతే ఆ రిపోర్టు చాలు గానీ దొంగతనం క్లెయిమ్‌కి చాలదు. "అద్దం పగలగొట్టి దొంగిలించారు" అని రాయండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కాబట్టి మీ ఎఫ్‌ఐఆర్‌లో భారతీయ న్యాయ సంహిత 303 లాంటి సెక్షన్ కనిపించాలి, పాత ఐపీసీ 379 కాదు.

ఫిర్యాదు ఇలా ఉంటే చాలు, ఇంతకంటే కథ అక్కర్లేదు:

"ఫలానా తేదీ రాత్రి 7.10కి ఫలానా ఫంక్షన్ హాల్ ఎదురుగా నా కారు ఆపి, అద్దాలన్నీ పైకెత్తి, డోర్లన్నీ లాక్ చేసి, తాళం నా దగ్గర పెట్టుకుని లోపలికి వెళ్లాను. 9.30కి తిరిగొచ్చేసరికి ఎడమవైపు వెనక డోరు అద్దం పగలగొట్టి ఉంది. వెనక సీటు కింద ఉంచిన నల్లరంగు బ్యాగును ఎవరో దొంగిలించారు. అందులో ఉన్నవి: ల్యాప్‌టాప్, కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, సుమారు విలువ; ఫోన్, ఐఎంఈఐ, సుమారు విలువ; ..."

లాక్ చేశాను, అద్దాలు ఎత్తాను, అద్దం పగిలింది. ఈ మూడూ ఉండాలి, ఎందుకంటే పాలసీలు అడిగేది ఇవే. ఆల్ రిస్క్ పాలసీల్లో అయితే పూర్తిగా మూసి ఉండే కారు అయి ఉండాలి, తలుపులు, కిటికీలు అన్నీ తాళం వేసి ఉండాలి అని ఉంటుంది. ఇవి జరిగితేనే రాయండి. లాక్ చేయకుండా చేశామని రాస్తే సీసీ కెమెరాలోనో సర్వేయర్ (నష్టం అంచనాకి కంపెనీ పంపే మనిషి) ప్రశ్నల్లోనో దొరికిపోతారు, అప్పుడు అద్దానికి రావాల్సిన డబ్బు కూడా చిక్కుల్లో పడుతుంది.

వస్తువుల లిస్టు ఆ రోజే పూర్తిగా ఇవ్వండి. వారం తర్వాత "అయ్యో, కెమెరా కూడా ఉంది" అంటే నమ్మేవాళ్లు తక్కువ. నిజంగానే తర్వాత గుర్తొస్తే స్టేషన్‌లో అదనపు వాంగ్మూలం రాసిచ్చి రసీదు తీసుకోండి.

ప్రయాణంలో ఉన్నారా? సూర్యాపేట దగ్గర హోటల్ ముందు పోయింది, విజయవాడ చేరాక చూసుకున్నారు అనుకుందాం. వెనక్కి వెళ్లక్కర్లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ అని ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, వాళ్లే బదిలీ చేస్తారు. ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, కాకపోతే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అది మీ హక్కు. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే ఫిర్యాదుని ఎస్పీకి, నగరంలో అయితే కమిషనర్ ఆఫీసుకి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఒక మెలిక ఉంది: దొంగిలించిన వస్తువుల విలువ 5,000 రూపాయల లోపు అయితే కొత్త చట్టంలో పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టే కేసు కాదు, వేరే డైరీలో నమోదు చేస్తారు. అంత చిన్న మొత్తానికి క్లెయిమ్ కూడా పెద్దగా గిట్టదు లెండి.

5. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు చెప్పండి. ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, తర్వాత మెయిల్ కూడా పెట్టండి. ఏజెంట్‌కి వాట్సాప్ చేస్తే కంపెనీకి చెప్పినట్టు కాదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. రెండు పాలసీలు ఉంటే రెండు కంపెనీలకీ చెప్పాలి, అద్దం ఒకరిది, బ్యాగు ఇంకొకరిది అవుతుంది. ఇప్పటికే ఆలస్యమైపోయిందా? పోలీసులకి వెంటనే చెప్పి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో దొంగతనం క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది కారు దొంగతనం కేసు, అయినా మీ వాదనకి పనికొస్తుంది.

6. అద్దం బాగుచేయించే ముందు ఆగి లెక్క వేయండి. సర్వేయర్ చూసేదాకా, లేదా ఫొటోలు చాలని కంపెనీ మెయిల్‌లో చెప్పేదాకా అద్దం మార్చకండి. ప్లాస్టిక్ షీటు అంటించి నడపండి.

లెక్క ఏంటంటే, సైడు అద్దం 3,500 అయింది అనుకుందాం. 1500 సీసీ లోపు కారుకి మొదటి 1,000 మీదే, అది దాటితే 2,000. గాజుకి తరుగు తీయరు కాబట్టి 2,500 వస్తుంది. బాగుంది కదా? ఇప్పుడు మీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, చూడండి. 50 శాతానికి చేరుకుని ఉండి, ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ కారు నష్టానికి కట్టే భాగం) 9,000 అయితే వచ్చే ఏడాది 4,500 తగ్గింపు పోయింది, ఆ పై ఏడాది మళ్లీ 20 నుంచి ఎక్కాలి. రెండున్నర వేల కోసం ఇంత పోగొట్టుకోవడం దండగ. బోనస్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటే వేరే సంగతి. సామాను యాడ్-ఆన్ ఒక్కటే వాడుకుంటే బోనస్ పోతుందా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది, క్లెయిమ్ ఫారం ఇచ్చే ముందే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

ముందువైపు అద్దమే పగిలితే దాని మీద ఫాస్టాగ్ కూడా పోయినట్టే, బ్యాంకులో కొత్తది అడగండి.

7. ఫారం నింపండి. ఎఫ్‌ఐఆర్‌లో ఏముందో ఫారంలో అదే ఉండాలి. టైమ్, స్థలం, వస్తువులు, విలువలు. ఒకచోట 60,000 అని, ఇంకోచోట 85,000 అని రాస్తే అడగాల్సిన ప్రశ్న మీరే వాళ్లకి అందించినట్టు. మూడేళ్ల పాత ల్యాప్‌టాప్‌కి కొత్తదాని ధర అడగొద్దు, తరుగు తీసే ఇస్తారు.

8. తర్వాత వెంటపడండి. కొన్ని కంపెనీలు సొత్తు దొరకలేదని పోలీసుల ఫైనల్ రిపోర్టు అడుగుతాయి, అది దానంతటది రాదు, స్టేషన్‌కి నాలుగుసార్లు తిరగాల్సి రావచ్చు. సర్వేయర్‌కి ఇచ్చే ప్రతి కాగితం మెయిల్‌లోనే ఇవ్వండి. డబ్బు వచ్చాక ఎప్పుడో పోలీసులు మీ ల్యాప్‌టాప్ పట్టుకుంటే కంపెనీకి చెప్పాలి, రెండూ ఉంచుకోవడం కుదరదు.

క్లెయిమ్ రాకుండా పోయే సందర్భాలు

రిమోట్ నొక్కి నడుచుకుంటూ వెళ్లిపోవడం. లాక్ పడిందో లేదో హ్యాండిల్ లాగి చూడరు. డోరు తెరుచుకుని ఉండి, అద్దం పగలకుండా బ్యాగు మాత్రం పోయిందంటే బలవంతంగా తెరిచారనడానికి ఆనవాలు ఉండదు, చాలా పాలసీలు అక్కడితో చేతులెత్తేస్తాయి.

దీనికి అన్నలాంటిది దృష్టి మళ్లించే దొంగతనం. బ్యాంకు నుంచి డబ్బు తెస్తుంటే ఎవడో వచ్చి "సార్, టైర్ పంచర్" అంటాడు, లేదా బానెట్ నుంచి ఆయిల్ కారుతోందంటాడు, లేదా కింద పది రూపాయల నోట్లు పడేసి "మీవేనా" అంటాడు. మీరు దిగుతారు, అవతలి డోరు లోంచి బ్యాగు వెళ్లిపోతుంది. కారు లాక్ చేసి లేదు, ఏదీ పగల్లేదు, పైగా పోయింది నగదు. మూడు విధాలుగానూ మినహాయింపే. దీనికి కేసు పెట్టండి, గట్టిగా పెట్టండి, కానీ ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి.

వ్యాలే పార్కింగ్‌లో తాళం ఇచ్చి వెళ్తే పాలసీ ప్రశ్నతో పాటు హోటల్ బాధ్యత కూడా ఉంటుంది. "ఓనర్స్ రిస్క్" అని టికెట్ మీద రాసినంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. అదీ కారు పోయిన కేసే. బ్యాగు విషయంలో అయితే అందులో ఏముందో ముందు మీరు రుజువు చేయాలి.

సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే స్టేషన్ మెట్ల మీదే చదవండి: కారు నంబర్, టైమ్, సెక్షన్, ప్రతి వస్తువూ. ఐఎంఈఐలో ఒక్క అంకె తప్పినా అక్కడే చెప్పండి. ఆంధ్ర, తెలంగాణ పోలీసుల వెబ్‌సైట్లలో కాపీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, రెండూ ఒకేలా ఉన్నాయో చూడండి. ఫోన్ పెట్టెలో ఐఎంఈఐ దొరకకపోతే బిల్లు మీద ఉంటుంది. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌దైనా *#06# కొట్టి ఈ రోజే రాసి పెట్టుకోండి.

డబ్బు వచ్చేటప్పుడు సెటిల్‌మెంట్ లెక్క వస్తువుల వారీగా అడగండి. ఎంత తరుగు, ఎంత కోత, ఎందుకు. "ఫుల్ అండ్ ఫైనల్" అన్న కాగితం మీద లెక్క చూడకుండా సంతకం పెట్టకండి, ఆ తర్వాత పోరాడటం కష్టమవుతుంది.

తిరస్కరిస్తే ఏ షరతు ప్రకారం తిరస్కరించారో రాతలో అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, అలాగే బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255కి ఫోన్ చేసి ఫిర్యాదు. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి (బీమా తగాదాలు తేల్చే అధికారి) వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ, యానాంకీ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వాళ్ల పరిధి. వినియోగదారుల కమిషన్ ఇంకో దారి, రెండేళ్ల గడువు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక ముక్క

శాన్ ఫ్రాన్సిస్కో వైపు అద్దాలు పగలగొట్టడం గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. అక్కడ కూడా కారు పాలసీలో కాంప్రహెన్సివ్ ఉంటే అద్దం వరకే. సామానుకి రెంటర్స్ ఇన్సూరెన్స్ చూడండి, అది సాధారణంగా ఇంటి బయట జరిగిన దొంగతనానికీ వర్తిస్తుంది. అపార్ట్‌మెంట్ వాళ్లు అడిగారని కట్టి మర్చిపోయిన పాలసీయే అది. డిడక్టిబుల్ (ముందు మీరే భరించాల్సిన మొత్తం) 500 డాలర్లు ఉండి 600 డాలర్ల బ్యాగు పోతే మాత్రం వదిలేయండి, వంద డాలర్ల కోసం క్లెయిమ్ రికార్డు మీద మచ్చ ఎందుకు.